నేలకు దించిన కారు, కాటా ఎక్కిన ఆడవాళ్లు

మొన్న మా అల్లుడు నన్ను స్పీడ్ బ్రేకర్ దగ్గర కారులోంచి దించాడు. పోట్లాడి దించాడనుకునేరు, చాలా మర్యాదగానే దించాడు. "అత్తయ్యా, ఒక్క నిమిషం దిగుతారా, వెనక టైరు రాసుకుంటోంది" అన్నాడు. చదువుకున్న ఇంజనీర్లు కూర్చుని, ఇంత ఎత్తుండాలి, ఇంత వెడల్పు చక్రముండాలి అని లెక్కలు కట్టి చేసిన బండిని ఈ మహానుభావుడు నేలబారుకు దించి, దానికి రోడ్డు రోలరు చక్రాల్లాంటివి తగిలించి, ఇప్పుడు అత్తగారిని దించి బండిని దాటిస్తున్నాడు. కర్నూలు నడిరోడ్డు మీద చేతిసంచీ పట్టుకుని నిలబడ్డాను. బండి పొట్ట ఈడ్చుకుంటూ దాటింది. వెనకాలే కాలిన రబ్బరు వాసన వచ్చింది. ముందు నవ్వొచ్చింది, ఆ తర్వాత ఒళ్లు మండింది. వెనక సీట్లో కూర్చున్న ఆడదాని బరువే బండికి పట్టిన జబ్బు అని తేల్చిన మొదటి మగవాడు ఇతను కాదు. ఆ గౌరవం మా చిన్నాయనకు దక్కాలి.

చిన్నాయనంటే మా నాయనకు తమ్ముడు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. మిల్లు చిన్నది, పేరు పెద్దది. పత్తి కాలం వచ్చిందంటే ఊరంతా దూదే. కాలవ గట్ల మీద, కరెంటు తీగల మీద, ఆరబెట్టిన అప్పడాల మీద, ఒక్కోసారి తెల్లారి లేచేసరికి మా అవ్వ కనుబొమల మీద కూడా. ఆ దూదిలో పుట్టి పెరిగిన మా ఇంటి మగవాళ్లకు లోకంలోని ప్రతి వస్తువుకూ రెండే గుణాలు కనిపించేవి, బరువు, తరుగు. తరుగంటే తెలియని వాళ్ల కోసం చెప్తాను. తూకం వేసిన సరుకులోంచి తడికింత, చెత్తకింత, గోనెకింత అని కోసేసే భాగం. రైతు కళ్ల ముందే కోస్తారు, రైతు చేత తల ఊపించి మరీ కోస్తారు. ఆ విద్యలో మా చిన్నాయన ఆరితేరినవాడు. మిగతా విద్యల సంగతి ఎత్తకపోవడమే మంచిది. నేను అప్పుడు ఆదోని కాలేజీలో బీఏ చదువుతుండేదాన్ని. ఆ ఒక్క నేరానికి నన్ను చూసినప్పుడల్లా "ఏమ్మే కలెక్టరూ" అని పిలిచేవాడు. అందులో ముద్దెంతో, ఎగతాళి ఎంతో తేల్చగల కాటా మా మిల్లులో లేదు.

డెబ్బైల చివర్లో మా ఇంటికి తెల్ల అంబాసిడర్ వచ్చింది. కారుతో పాటు ఒక చట్టం కూడా వచ్చింది. ఇకమీదట మా ఇంటి ఆడవాళ్లు బస్సెక్కకూడదు. కారున్న ఇంటి కోడలు బస్టాండులో నిలబడితే బజారులో తలెత్తుకోలేమట. అంతకు ముందు చిన్నమ్మ, అంటే చిన్నాయన భార్య, మనసు పుట్టినప్పుడల్లా పుట్టింటికి ఎమ్మిగనూరు బస్సులో పోయి వచ్చేది. వాళ్లది అక్కడ బట్టల అంగడి. వాళ్ల వీధిలో తెల్లవారుతూనే మగ్గాల చప్పుడు మొదలయ్యేది, ఆ చప్పుడు లేకపోతే తనకు మెలకువ రాదని చిన్నమ్మ మా ఇంటికొచ్చిన కొత్తలో చెప్పి, పొద్దెక్కి లేచినందుకు అవ్వ చేత మాటలు పడింది. నన్నూ తోడు తీసుకుపోయేది. కిటికీ పక్క సీటు, చీర కొంగులో వేయించిన శనక్కాయలు, రెండు వైపులా కనుచూపు మేర నల్లరేగడి, పక్క సీటామెతో ఊరు దిగేలోగా కలిపేసుకున్న చుట్టరికం. ఆ సుఖమంతా అంబాసిడర్ రాగానే పోయింది. అయినా కారు కారే కదా, దాంట్లోనే పోతాం లెమ్మని ఆడవాళ్లు సర్దుకున్నారు. అక్కడితో చిన్నాయన ఊరుకుని ఉంటే ఈ కథే లేదు.

బళ్లారి నుంచి ఒక పత్తి షావుకారు మా మిల్లుకు వచ్చాడు. అతని కారు నేలకు అతుక్కున్నట్టుగా ఉంది, చక్రాలు మడ్‌గార్డు దాటి బయటికి తొంగి చూస్తున్నాయి. షావుకారు తెచ్చిన బేరం ఏమైందో నాకు తెలియదు గానీ, చిన్నాయన మాత్రం ఆ కారు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. మరుసటి వారమే అంబాసిడర్ బళ్లారికి పోయింది. అక్కడ షెడ్డులో వెనక బరువు మోసే ఇనప కమాను కట్టలోంచి పట్టీలు కొన్ని తీయించాడు. ముందు వైపు కూడా ఏదో వదులు చేయించి కిందికి దించాడు. చక్రాలు వెడల్పు చేయించి వాటికి లావాటి టైర్లు ఎక్కించాడు. బండి తిరిగొచ్చినప్పుడు మిల్లు ముందు జనం పోగయ్యారు. మా అవ్వ గడపలో నిలబడి కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసి, "ఏమిరా, దీనికి కాళ్లిరిగినాయా?" అంది. "అది ఫ్యాషనమ్మా, నీకు తెల్దు" అన్నాడు చిన్నాయన. నిజమే, అవ్వకు ఫ్యాషన్ తెలియదు. ఎద్దుకు కాళ్లు విరిగితే బండి పోదని మాత్రం తెలుసు.

కారు ఖాళీగా ఉన్నప్పుడు రాజాలాగా పోయేది. వెనక సీట్లో మనుషులు కూర్చుంటే చాలు, కమాను కుంగి, మడ్‌గార్డు అంచు టైరు భుజం మీదికి దిగేది. గుంత వచ్చినప్పుడల్లా గరగరమని చప్పుడు, ఆ వెంటనే వాసన. ఇంత చిన్న విషయానికి మందేమిటో ఎవరికైనా తెలుస్తుంది, తీసిన పట్టీలు మళ్లీ పెట్టించాలి, పాత చక్రాలు మళ్లీ బిగించాలి. ఆ పట్టీలూ చక్రాలూ మా మిల్లు గోదాములోనే గోడకు ఆనించి ఉన్నాయి. కానీ చేయించిన పనిని విప్పించడమంటే బజారులో నలుగురూ నవ్వరా? అందుకని చిన్నాయన వైద్యం మొదలుపెట్టాడు. మొదట మడ్‌గార్డు అంచును సుత్తితో లోపలికి మడిచాడు. మడిచిన అంచు కత్తిలాగా తయారై టైరుకు చక్కగా గాటు పెట్టింది. తర్వాత మొద్దు ఒకటి దూర్చి ఆ అంచును బయటికి ఒత్తాడు. బండి వెనక భాగం చెవులు నిక్కబొడుచుకున్నట్టయింది, రాపిడి మాత్రం పోలేదు. ఆ తర్వాత మిల్లులో పత్తి గింజలు తీసే గిన్నింగు మిషన్ తోలు బెల్టు ముక్కలు కోయించి, కమానుకూ బండి అడుగుకూ మధ్య కుక్కించాడు. అప్పుడు రాపిడి కొంచెం తగ్గింది, బదులుగా మా వెన్నెముకలు ఒకదానికొకటి రాసుకోవడం మొదలుపెట్టాయి.

ఇంతలో ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. చిన్నమ్మ తల్లికి రెండు కళ్లకూ పొరలు కమ్మి చాలా కాలమైంది. మనిషిని గొంతుతో గుర్తుపట్టేది. అక్కడి సత్రంలో ఇంకో రెండు నెలలకు కంటి శిబిరం పెడుతున్నారు, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేస్తారు, చేసిన కొన్నాళ్లకు కట్టు విప్పుతారు. ఆ ముసలామె చెప్పి పంపిన మాట ఒక్కటే, "కట్టు ఇప్పేటప్పుడు ముందు నా బిడ్డ మొగమే సూడాల." చిన్నమ్మ ఆ మాట విని వంటింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆమెకు మా ఇంట్లో నోరు లేదు. ఏదైనా కావాలంటే అడగడం తెలియదు, వాకిట్లో నిలబడి చేతి గాజులు తిప్పుకుంటూ ఉండేది, అంతే. ఆ సాయంత్రం మొదటిసారి భర్త ఎదురుగా నిలబడి, "శిబిరానికి నన్ను తీస్కపోతారు గదా?" అని అడిగింది. చిన్నాయన, "దానికేమి, మన కారుండంగ" అన్నాడు. పక్కనే ఉన్న నేను, "ఆ కారులో కూర్చుంటేనే గదా చిన్నాయనా కుంగుతోంది, బస్సులో పోతే పోదా?" అన్నాను. "ఏమ్మే కలెక్టరూ, పుస్తకాలు సదువుకోపో" అన్నాడు.

మరుసటి రోజు మా చిన్నాయనకు ఒక మహత్తరమైన ఆలోచన వచ్చింది. పత్తి వ్యాపారికి తప్ప ఈ భూమి మీద ఇంకెవరికీ రాని ఆలోచన. బండి లోపం బండిలో లేదు, ఎక్కే సరుకులో ఉంది. కాబట్టి సరుకును తూచాలి. ఎవరు ఎక్కితే టైరు తగులుతుందో, ఎవరెవరు కలిసి ఎక్కితే తగలదో కాటా మీద తేల్చేస్తే సరిపోతుంది. పత్తి బోరాలు తూచే పెద్ద కాటా మీద ఇంటి ఆడవాళ్లను తూచడానికి ముహూర్తం పెట్టాడు. మా అమ్మ పొయ్యి మీద పాలున్నాయని తప్పించుకుంది. ఆ పాలు ఆ రోజంతా పొయ్యి మీదే ఉన్నాయి.

మొదట అవ్వను ఎక్కించారు. తూకం అరిచే గుమాస్తా మా మిల్లులో పాతకాపు. మొదటి తూకాన్ని ఒకటి అనకూడదు, లాభం అనాలి, అది వ్యాపారపు రివాజు. అవ్వ కాటా మీద కాలు పెట్టగానే అతను అలవాటు కొద్దీ "లాభం!" అని గొంతెత్తి అరిచాడు. బోరాలు మోస్తున్న కూలీలు ముఖాలు పక్కకు తిప్పుకున్నారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. అవ్వ కాటా దిగకుండానే కొడుకు వైపు తిరిగి, "ఎవురికి లాభమురా? యాపారికిస్తాండావా నన్ను? మంచి ధర అడుగు, పాత సరుకు" అంది. చిన్నాయన నవ్వలేదు. శాస్త్రీయమైన పని చేస్తున్నప్పుడు మగవాళ్లు నవ్వరు. తర్వాత చిన్నమ్మ వంతు. తల దించుకుని ఎక్కి, కాటా గొలుసు మీద రెండు చేతులూ వేసి నిలబడింది. గుమాస్తా బరువు చెప్పాడు. చిన్నాయన గెడ్డం నిమురుకుని, ఇంత నిండు మనిషిలో ఇంత తక్కువ బుద్ధి ఎలా ఇముడుతుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే, "చీరకూ నగలకూ తరుగు తీసి రాయప్పా" అన్నాడు. ఆ రోజు తల్లికి పంపడానికని ఆమె కొంగున కట్టుకున్న కుంకుమ పొట్లానికి కూడా తీశారేమో, అడగలేదు నేను. "దిగు, నీ తావే ఎక్కువొస్తాంది" అన్నాడు భార్యతో. చిన్నమ్మ మొహం ఎలా అయిందో వర్ణించను. వర్ణించినా చిన్నాయన లాంటి వాళ్లకు అందులో బరువు తప్ప ఏమీ కనబడదు.

నా వంతు వచ్చినప్పుడు నేను ఎక్కలేదు. "ముందు నువ్వెక్కు చిన్నాయనా" అన్నాను. "నేనెందుకమ్మే, నేను ముందు సీట్లో కూకుంటా గదా" అన్నాడు. "అదే నేనూ అడిగేది. బరువైన నువ్వూ నాయనా గుమాస్తా మామా ముగ్గురూ ముందు కూకుని, ఆడోళ్లందర్నీ వెనక కుక్కి, కమాను కుంగిందంటే తప్పెవరిది? చిన్నమ్మను నీ పక్కన ముందు కూచోబెట్టుకో, వెనక నేనొక్కదాన్నే ఉంటా. టైరు తగలదు" అన్నాను. ఆదోని బజారులో పెళ్లాం మొగుడి పక్కన ముందు సీట్లో కూర్చుని పోవడం! పెద్దవాళ్లు కూర్చునే చోట కోడలు కూర్చోవడం! మా నాయన నన్ను ఒక చూపు చూశాడు. చిన్నాయన, "కాలేజీకి పంపిస్తే వచ్చిన ఫలమిది అన్నా" అన్నాడు ఆయనతో. అక్కడితో నా సూచన కొట్టేశారు. కారును కోయవచ్చు, ఒత్తవచ్చు, తోలు ముక్కలు కుక్కవచ్చు, ఆడవాళ్లను బోరాల్లా తూచవచ్చు. ఇద్దరు మనుషులు సీట్లు మార్చుకోవడం మాత్రం కుదరదు.

ఆ తర్వాత చిన్నమ్మకు హఠాత్తుగా భక్తి పెరిగింది. శనివారం ఒక్కపొద్దు ఎప్పుడూ ఉండేదే. దానికి సోమవారం తోడైంది. మంత్రాలయం స్వామికని గురువారం వచ్చింది. చూస్తుండగానే ఏ వారానికి ఏ దేవుడో వెతుక్కుని మరీ ఉపవాసాలు పట్టింది. మిగిలిన రోజుల్లో కంచంలో అన్నం కంటే మజ్జిగ ఎక్కువ. ఒక మధ్యాహ్నం పెరట్లో గిన్నెలు తోముతూ ఉండగా పట్టుకున్నాను. "ఏమి చిన్నమ్మా, అన్ని దేవుళ్లకూ ఒకేసారి అప్పున్నావా?" అన్నాను. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "నవ్వొద్దమ్మే. తేలిగ్గుంటే తీస్కపోతాడేమోనని" అంది. నేను నవ్వలేదు. నాకు తెలిసిన తిట్లన్నీ తెలుగులో అయిపోయి, ఆదోని బజారులో నేర్చుకున్న ఉర్దూలోకి దిగాను. "ఊరుకో, ఇంటారు" అని నా నోరు తడి చేత్తో మూసింది, నోటికి బూడిద అంటుకుంది. అప్పుడు కూడా ఆమె భయం మొగుడికి వినబడుతుందని కాదు, విని ప్రయాణం రద్దు చేస్తాడేమోనని.

ఆపరేషన్ రోజు కారు షెడ్డులో ఉంది. ఇంకేదో కొత్త వైద్యం. చిన్నమ్మ వాకిట్లో పొద్దంతా నిలబడింది, కారు రాలేదు. సాయంత్రానికి ఆపరేషన్ బాగా జరిగిందని కబురొచ్చింది. ఇక మిగిలింది కట్టు విప్పే రోజు ఒక్కటే. అది తప్పితే ఇంక చేయగలిగింది లేదు. ఆ రోజు ఉదయం కారు వాకిట్లో నిలిచింది. వెనక నేనూ చిన్నమ్మా మాత్రమే ఎక్కాలని లెక్క తేలిందట. అవ్వ రాలేదు. "నేను లాభం సరుకు, ఇంట్లోనే ఉంటా. మీరు నష్టాలు పోయి రాండి" అంది. ముందు సీట్లో చిన్నాయన ఒక్కడే. ఆయన పక్కన చిన్నమ్మ కూర్చోవడానికి కావలసినంత చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీ చోటులో ఒక పండ్ల బుట్ట కూర్చుని ప్రయాణం చేసింది.

ఊరు దాటామో లేదో గుంతలు మొదలయ్యాయి. చిన్నాయన అద్దంలో మమ్మల్ని చూస్తూ, "గుంతొస్తాంది, లేయండి!" అని అరిచేవాడు. మేమిద్దరం ముందు సీటు పట్టుకుని, సీటుకు ఆనకుండా గాల్లో లేచి నిలబడాలి. గుంత దాటాక "ఊ, కూకోండి" అనేవాడు. అలా లేస్తూ, కూర్చుంటూ, బడిలో గుంజీలు తీసినట్టు పోయాం. దారిన పోయే ఎద్దులబండి వాడు మమ్మల్ని చూసి తన ఎద్దులతో ఏదో అన్నాడు, ఎద్దులకు అర్థమైనట్టే ఉంది. చిన్నమ్మ మాత్రం ప్రతి గుంతకూ నాకంటే ముందు లేచేది. తన బరువు ఎక్కడ పెడితే తల్లి దగ్గరికి చేరుతుందో అక్కడ పెట్టడానికి సిద్ధంగా ఉంది పాపం. సగం దారిలో ఒక చిన్న వాగు, మేము వంక అంటాం, అడ్డం వచ్చింది. కారు అందులోకి దిగి, అవతలి గట్టు మీదికి ఎక్కగానే గరగర కాస్తా ఢాం మనే శబ్దమైంది. టైరు పేలింది. నీలం పొగ లేచింది. చిన్నాయన దిగి జాకీ తీశాడు. తీసి, కారు కిందికి దూర్చబోయాడు. దూరలేదు. నేలకు అంత దగ్గరగా దించిన కారు కిందికి, అందులోనూ టైరు పోయి ఇంకా కుంగిన కారు కిందికి, జాకీ ఎక్కడ దూరుతుంది? చిన్నాయన మోకాళ్ల మీద కూర్చుని, చెంప నేలకు ఆనించి, బండి అడుగు చూస్తున్నాడు. పార వెతకమన్నాడు నన్ను. నల్లరేగడి చేలో నేను పార ఎక్కడినుంచి తెచ్చేది?

అప్పుడు ఆదోని వైపు నుంచి బస్సొచ్చింది. నేను చేయెత్తే లోపే చిన్నమ్మ రోడ్డుకు అడ్డం పోయి నిలబడింది. బస్సు ఆగింది. చిన్నాయన లేచి, మోకాళ్లకు మట్టితో, "ఏమది? బస్సెక్కతావా? మన ఇంటోళ్లు బస్సెక్కతారా?" అన్నాడు. చిన్నమ్మ మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "మన కారే బస్సెక్కమంటాండాది గదా" అంది. కండక్టర్ చిన్నాయనను చూసి, కారును చూసి, "షావుకారూ, మీరు గూడా రాండి, సీట్లున్నాయి" అన్నాడు. చిన్నాయన రాలేదు. కారును ఒంటరిగా వదిలిపెడితే దానికి దిగులు కదా.

సత్రం వరండాలో మంచాలు వరసగా వేసి ఉన్నాయి. మేము చేరేసరికి డాక్టరు ముసలామె పక్కకు వచ్చేశాడు, కట్టు సగం విప్పాడు. చిన్నమ్మ చెప్పులు ఎక్కడ వదిలిందో కూడా తెలియదు, పోయి మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుంది. డాక్టరు ముసలామె కంటి ముందు ఒక లావాటి అద్దం పట్టి, "ఎవరున్నారమ్మా ఎదురుగా?" అన్నాడు. ఆమె చాలాసేపు చూసింది. "నా బిడ్డే" అంది. అని, ఇంకా చూసింది, చూసి మొహం ముడుచుకుంది. "అద్దం సరిగ్గా లేదేమో సామీ. నా బిడ్డ ఇట్లుండదు." చేయి చాచి బిడ్డ మణికట్టు పట్టుకుంది. గాజులు జారి మోచేయి దాకా పోయాయి. "ఏమే, ఇట్ల సిక్కిపోయినావే? కూడు పెట్టడంలేదా నీకు?" అంది.

సరిగ్గా ఆ మాట దగ్గర చిన్నాయన వచ్చాడు. పత్తి లారీ మీద వచ్చాడు, నెత్తి నిండా దూది. అత్తగారి మాట విని, చేతిలోని పండ్ల బుట్ట కింద పెట్టి, "సెప్తే ఇనదత్తా, ఒక్కపొద్దులు ఎక్కువైనాయి" అన్నాడు. చిన్నమ్మ లేవలేదు, వెనక్కి తిరగలేదు. తల్లి చేతిలోని తన చేయి తీసుకోకుండానే, వరండా అంతా వినబడేలా, "ఇంటికి పోయినంక మల్లా కాటా ఎక్కతా. ఎంత తరుగు పోయిందో గుమాస్తాతో అరిపించండి" అంది. ముసలామె కట్టు విప్పిన ఆ ఒక్క కన్నుతో, అద్దం లేకుండానే, అల్లుడున్న వైపు చూసింది. మసకగా కనబడి ఉంటాడు. అంతకు మించి స్పష్టంగా కనబడవలసిన అవసరం కూడా లేదు.

కారుకు తర్వాత పట్టీలు పెట్టించాడు, పాత చక్రాలు బిగించాడు. రోడ్లు బాగాలేవని పెట్టించానని ఊరంతా చెప్పాడు. చిన్నమ్మ ఆ కారెక్కలేదు. పుట్టింటికి ప్రతిసారీ బస్సులోనే పోయింది, ఆపడానికి ఎవరూ వాకిట్లోకి రాలేదు. ముసలి తల్లి కొంత కాలానికి పోయింది, కారును ఎనభైల నడుమ చిప్పగిరి వైపు ఎవరో కొనుక్కుపోయారు. చిన్నాయన ఇప్పటికీ పెళ్లి పందిళ్లలో కూర్చుని, ఆదోనిలో అట్లాంటి కారు అప్పట్లో ఎవరికీ లేదని కుర్రాళ్లకు చెప్తుంటాడు. జాకీ సంగతి చెప్పడు, కాటా సంగతి అసలే చెప్పడు. ఆ గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలవడానికి ఎండాకాలం పోయి, వానలు పోయి, మళ్లీ పత్తి కాలం రావలసి వచ్చింది. చిన్నమ్మ ఒంటికి కండ పట్టించడానికి కాలానికి ఏడాది సరిపోయింది. చిన్నాయన ముఖానికి సిగ్గు పట్టించడానికి మాత్రం ఇన్నేళ్లయినా ఇంకా తంటాలు పడుతూనే ఉంది.